బిగబట్టిన ఊపిరి కొలత

ఆ వీధిలో కడుపుతో ఉన్న ఆడమనిషి టేపమ్మ కంట పడకుండా నడిచిపోవడం అయ్యే పని కాదు. డాక్టర్లకైతే రక్తం కావాలి, మిషన్లు కావాలి, కాగితాలు కావాలి. టేపమ్మకి ఆ మనిషి గుమ్మం దాటి రెండడుగులు వేస్తే చాలు. మెడలో వేలాడే టేపు తీయకుండానే "రెండో నెల" అని మనసులో రాసేసుకునేది. దండెం మీద ఆరేసిన గౌను చూసి, దాన్ని తొడుక్కునే మనిషి పొద్దున కడుపునిండా తిన్నదో లేదో చెప్పేసిందని ఒకాయన ఒట్టేసి మరీ చెప్పాడు. ఇంకొకావిడైతే, తనకు కవలలని స్కానింగు డాక్టరు కంటే ముందే టేపమ్మ కనిపెట్టిందనీ, పైగా వాళ్ళలో ఒకడికి భుజాలు వెడల్పని కూడా చెప్పిందనీ అంటుంది. ఇందులో సగం కత్తిరించి పారేసినా మిగిలిన సగం నిజమే.

అంత కన్నున్న మనిషికి తన కడుపు మాత్రం ఎనిమిదేళ్ళుగా ఒక్క అరఇంచీ కూడా పెరగలేదు.

ఇంటి ముందుగదే ఆమె కుట్టుకొట్టు. గోడవారగా ఒక అరలో, వదులు చేయడానికి ఇచ్చిపోయిన బట్టలు మడతలు పెట్టి ఉండేవి. వాటిని ఇచ్చేవాళ్ళందరూ ఒకే రకంగా సిగ్గుపడుతూ వచ్చేవారు, ఒకే రకంగా పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడేవారు. "కొంచెం వదులు చేయాలమ్మా" అంటే "దానికేం, చేద్దాం" అని టేపమ్మ నవ్వేది. వాళ్ళు వీధి మలుపు తిరిగాక ఆ బట్టను అరలోకి విసిరే తీరు చూస్తే, అదేదో పాముని పట్టుకున్నట్టుండేది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. పద్నాలుగు అంతస్తుల గోతిలో తాడు పట్టుకుని వేలాడుతూ ఈల వేసుకునే మనిషి. అటువంటివాడు సూది మొన కనిపిస్తే గోడకు జారగిలబడి అలాగే కూలిపోతాడు. పై వాటాలో మరిది, అతని పెళ్ళాం. మరిది లారీ తోలుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. అతని పెళ్ళాన్ని ఇంటిల్లిపాదీ చిట్టి అంటారు. చిట్టి పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. రోగి నోరు తెరిస్తే దీపం సరిచేసేదీ, ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకునేదీ, సూదిలో మందు నింపి అందించేదీ ఆమే. ఆదివారాలు కిందికి దిగి, అక్క చెప్పిన బట్టల కుట్లు ఊడదీసి పెట్టేది. ఇద్దరూ తోడికోడళ్ళని చెబితే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు, అంత కలిసిపోయి ఉండేవారు.

మూడేళ్ళుగా టేపమ్మ సంతానం ఆస్పత్రి చుట్టూ తిరుగుతోంది. రక్తం తీశారు. మళ్ళీ తీశారు. గర్భసంచి పక్క గొట్టాల్లోకి రంగునీళ్ళు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. దారి శుభ్రంగా తెరిచే ఉందన్నారు. దారి తెరిచి ఉంటే రావలసినవాళ్ళు ఎందుకు రావడం లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. లిఫ్టాయనకి ఒక చిన్న డబ్బా ఇచ్చి చిన్న గదిలోకి పంపారు. ముప్పావుగంట తరువాత ఆయన ఎన్నికల్లో డిపాజిట్టు పోగొట్టుకున్నవాడిలా బయటికొచ్చాడు. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. ఆ కాగితం వారం రోజులు చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాడు, ఎవరూ అడక్కపోయినా.

"మీ ఇద్దరిలోనూ లోపమేమీ లేదు" అంది డాక్టరమ్మ.

అదే టేపమ్మకి మింగుడు పడలేదు. లోపం దొరికితే అక్కడ కుట్టు ఊడదీసి మళ్ళీ కుట్టుకోవచ్చు. లోపమే లేదంటే కత్తెర ఎక్కడ పెట్టాలి?

ఈ తిరుగుళ్ళన్నిటికీ తోడు చిట్టి. క్యూలో అక్క ఫైలు పట్టుకునేది, అక్కకి నీళ్ళ సీసా అందించేది, అక్క ఏడిస్తే నర్సులను తిట్టేది. నాలుగు నెలల కిందట ఒకరోజు నర్సు చిట్టిని పట్టుకుని, "నీకూ పెళ్ళై రెండేళ్ళయిందంటున్నావు, ఎలాగూ వచ్చావు, ఒక సీసా రక్తం ఇచ్చిపో తల్లీ" అంది. చిట్టి నవ్వుతూ ఇచ్చింది. గొంతు దగ్గర గ్రంథి కాస్త మందకొడిగా ఉందని తేలింది. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోమన్నారు. చొక్కా గుండీలో సగం కూడా ఉండని మాత్ర.

టేపమ్మకి చిన్న పద్ధతులు రెండు అయిపోయాయి, రెండూ బెడిసికొట్టాయి. ఇక మిగిలింది పెద్ద పద్ధతి. రోజూ సూదులు వేసి గుడ్లు పెంచి, బయటికి తీసి, గాజుగిన్నెలో కలిపి, మళ్ళీ లోపల పెట్టడం. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. "మీ గుడ్ల నిల్వ తగ్గుతోంది. ఈ ఒక్కసారికి బాగా తీద్దాం. మళ్ళీ ఇంకోసారంటే నేను మాటివ్వలేను."

సూది రోజూ సాయంత్రం ఏడింటికి, పొట్ట మీద. మొదటిరోజు తనే వేసుకుంటానని టేపమ్మ బీరాలు పలికింది. పొద్దస్తమానం సూదితో బతికే చెయ్యి కదా! ఇరవై నిమిషాలు ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గుడ్డలో లక్షసార్లు దిగిన సూది తన పొట్టలో ఒక్కసారి దిగనంది. పక్కన లిఫ్టాయన అప్పటికే నేల మీద ఉన్నాడు. చివరికి చిట్టి వచ్చి, చిటికెడు కండ పట్టుకుని, "మీ ఆయన ఎలా పడ్డాడో చూడక్కా" అని ఆమె అటు తిరిగేలోపు టక్కున పొడిచేసింది. ఆ రోజునుంచి అది చిట్టి డ్యూటీ.

రెండోరోజు సాయంత్రం చిట్టి లేత నీలం గుడ్డ చంకన పెట్టుకుని దిగింది.

"అక్కా, మా డాక్టరుగారు కోట్ల రంగు మార్చేశారు. తెల్లకోటు చూస్తే పిల్లలు ఏడుస్తున్నారట. మూడు కుట్టిపెట్టాలి నువ్వు."

"నీలం చూస్తే నవ్వుతారా?"

"పన్ను పీకుతుంటే ఏ రంగైతే ఏం? ఆయన పిచ్చి ఆయనది. గుడ్డ చాలుతుందా చూడు. ఆరు మీటర్లు."

"బాగా మిగులుతుంది. మీ డాక్టరుకి లాగు కూడా కుట్టొచ్చు. నిలబడు ఇలా."

భుజం అదే. చేతి పొడుగు అదే. ఛాతీ చుట్టూ టేపు తిప్పి రెండు కొసలు కలిపేసరికి టేపమ్మ వేళ్ళు ఆగాయి. పాత కొలత కంటే అరఇంచీ ఎక్కువ. అదీ చిట్టి ఊపిరి బిగబట్టి నిలబడితే.

"ఊపిరి వదులు."

"వదిలానక్కా."

"వదల్లేదు."

"అయ్యో, వదిలాను. నేనేమన్నా నీళ్ళల్లో ఉన్నానా?"

పక్కటెముకలు కదలడం లేదు. నడుము లోపలికి పీల్చి, గడ్డం పైకెత్తి, కిటికీ వైపు చూస్తూ నిలబడింది చిట్టి. మిషను నూనె వాసన తగలగానే ముక్కు ముడుచుకుంది. టేపమ్మ ఆమె మొహం చూడలేదు, చూడనక్కర్లేకపోయింది. ఒకటిన్నర నెల. ఇంకా రెండు నిండలేదు.

"సరే, అయింది" అని పుస్తకంలో అంకె రాసుకుంది. బిగబట్టిన ఊపిరి కొలతే రాసుకుంది.

ఏడయింది. చిట్టి చేతులు కడుక్కొచ్చి సూది తీసింది. "పది లెక్కపెట్టక్కా" అంది. టేపమ్మ లెక్కపెట్టింది. లోపల మాత్రం వేరే లెక్క నడుస్తోంది. మరిది ఎప్పుడొచ్చి వెళ్ళాడు? కిందటి నెల పదో తారీకు వచ్చాడు, పదిహేడున పోయాడు. వారం రోజులు! వారం రోజులు ఇంట్లో ఉన్న మొగుడితో దానికి అయింది. ఎనిమిదేళ్ళు ఒక్క రాత్రి ఊరు దాటని మొగుడు పక్కనున్నా నాకు కాలేదు. నా ఆస్పత్రి. నా డాక్టరమ్మ. నా వెనకాల సంచి పట్టుకుని వచ్చింది, నా ముందు చంకనేసుకుని పోతోంది.

"నొప్పి పుట్టిందా అక్కా? కళ్ళెమ్మట నీళ్ళొస్తున్నాయి."

"లేదే. మందు మంట."

చిట్టి పైకెళ్ళింది. మామూలుగా పద్దెనిమిది మెట్లూ రెండేసి చొప్పున ఎక్కే మనిషి, ఒక్కొక్కటే ఎక్కుతోంది. కింద కూర్చుని టేపమ్మ ఆ అడుగులు పద్దెనిమిదీ వింది.

కడుపుతో ఉన్నందుకు ఎంత మండిందో, తనకు చెప్పనందుకు అంతకు రెండింతలు మండింది. చెప్పి ఉంటే? చెప్పి ఉంటే మూడింతలు మండేది. అది టేపమ్మకీ తెలుసు. ఒళ్ళు మండినప్పుడు న్యాయం ఎవరికి కావాలి?

కోటు కుట్టడానికి మర్నాడు కూర్చుంది. ఆమెకు పని నేర్పిన ముసలి మేస్త్రి ఒక్క విషయంలో రాక్షసుడు. ఏ బట్టకైనా పక్క కుట్ల లోపల ఇంచీ గుడ్డ వదిలి తీరాలి. వదలకపోతే స్కేలు పెట్టి వేళ్ళ మీద కొట్టేవాడు. మనిషి లావెక్కుతుంది, చిక్కుతుంది, కడుపొస్తుంది, ఏదైనా కావచ్చు, అప్పుడు ఆ కుట్టు విప్పి గుడ్డ బయటికి లాగాలి గదా అనేవాడు. పదిహేనేళ్ళలో టేపమ్మ ఆ ఇంచీ వదలని బట్ట ఒక్కటి లేదు. బిగుతుగా కావాలని ఏడ్చి గోలపెట్టిన పెళ్ళికూతుళ్ళకు కూడా లోపల దొంగతనంగా వదిలి కుట్టింది.

చిట్టి కోట్లకు ఆ బిగబట్టిన కొలతే పెట్టి, సుద్ద గీసి, కుట్టేసింది. తరువాత బట్ట తిరగేసి, కుట్టు పక్కనే కత్తెర ఆనించి, లోపల గుడ్డ మొత్తం కోసేసింది. కుట్టుకీ అంచుకీ మధ్య వడ్లగింజ పట్టేంత జాగా మిగిల్చింది. నీలం పేలికలు ఒళ్ళో పడుతుంటే గుండెల్లో చల్లగా ఉంది. అలా మూడు కోట్లకీ ఆరు పక్కలు. ఆఖరి పక్క దగ్గర మాత్రం చెయ్యి కాస్త తడబడింది. చల్లదనం పోయింది, కత్తెర ఆగలేదు.

చిట్టి తొడుక్కుని అద్దంలో చూసుకుంది. "కొంచెం పట్టేసినట్టు లేదూ?"

"ఊపిరి వదిలానన్నావుగా" అంది టేపమ్మ, దారం కొస కొరుకుతూ.

చిట్టి అద్దం ముందునుంచి తప్పుకుంది.

ఇక రోజూ ఇదే వరస. రెండ్రోజులకోసారి స్కానింగు. "కుడివైపు పదకొండు, పదమూడు, తొమ్మిది. ఎడమవైపు పన్నెండు" అని నర్సు గుడ్డుసంచుల కొలతలు చదివేది. ఇంచీల్లో బతికిన టేపమ్మ మిల్లీమీటర్లలో పడింది. పక్క కుర్చీలో కూర్చున్న పిల్లకి పద్నాలుగని వింటే, తన పదమూడు చూసుకుని ఆ పిల్ల చెప్పుల్ని కూడా అసహ్యించుకునేది. సూదులకు తన పొట్ట ఉబ్బి నడుము రెండించీలు పెరిగింది. మూడిళ్ళవతల కిరాణా కొట్టావిడ దాన్ని చూసి గుమ్మంలోంచే "ఏమ్మా, విశేషమా?" అని అరిచింది. విశేషం ఉన్నదాని పొట్ట పై వాటాలో చదునుగా ఉంది, ఏమీ లేనిదాని పొట్ట కింది వాటాలో డోలులా ఉంది. టేపమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

చిట్టి చేసే ప్రతి పనీ ఆమెకు గుచ్చుకునేది. చిట్టి నిమ్మకాయ వాసన చూస్తే గుచ్చుకునేది. చిట్టి మధ్యాహ్నం కునుకు తీస్తే గుచ్చుకునేది. ఏడింటికి ఆ చెయ్యే వచ్చి చిటికెడు కండ పట్టుకుని గుచ్చితే, అదొక్కటే గుచ్చుకునేది కాదు.

పన్నెండోరోజు స్కానింగులో డాక్టరమ్మ మొహం విప్పారింది. "తొమ్మిది పెరిగాయి. పెద్దవి పద్దెనిమిది దాటాయి. ఈ రోజు ఎనిమిదింటికి ఆఖరి సూది. ఎనిమిదంటే ఎనిమిదే. గుడ్లు పక్వానికొచ్చి విడివడేది దీంతోనే. ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి తీసేస్తాం. ఈ సూది తప్పితే ఇన్నాళ్ళూ వేసినవన్నీ వృథా. వేసేవాళ్ళున్నారా?"

"మా తోడికోడలుంది" అంది టేపమ్మ.

ఈ మందు మిగతావాటిలా కాదు. ఒక సీసాలో పొడి, ఒక సీసాలో నీళ్ళు. నీళ్ళు లాగి పొడిలో కలిపి, నురగ రాకుండా తిప్పి, సూది మార్చి వేయాలి. మంచుముక్కలున్న డబ్బాలో పెట్టుకుని తెచ్చింది.

ఏడుంబావుకి చిట్టి పనినుంచి వచ్చింది. వస్తూనే గుమ్మంలో నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. కోటు మీద ఛాతీ దగ్గర గుండీ లేదు, పిన్నీసు పెట్టుకుని ఉంది.

"అక్కా, ఈ రోజు ఏమైందో తెలుసా! ఒక పెద్దాయన, పోలీసాయన, ఇంతలేసి మీసాలు. నోరు తెరిచి పడుకున్నాడు. నేను దీపం సరిచేద్దామని వంగాను. టప్‌మని గుండీ ఎగిరి సరాసరి ఆయన నోట్లోకి!"

"నోట్లోకా?"

"నాలుక కిందికి! ఆయన పన్ను ఊడిందనుకుని ఒకటే కేకలు. మా డాక్టరుగారు చిమటాతో తీసి, వెలుతురులో పెట్టి చూసి, 'ఇదేం పన్నండీ, నాలుగు బెజ్జాలున్నాయి?' అంటాడు!"

టేపమ్మకి కూడా నవ్వొచ్చింది. పన్నెండు రోజుల తరువాత మొదటిసారి. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

"మిగతా రెండూ కూడా ఇలాగే చస్తున్నాయి. వదులు చెయ్యక్కా కాస్త" అంటూ చిట్టి కోటు విప్పింది. "నువ్వు లేవకు, నేనే ఊడదీస్తాను. ఎనిమిదికి ఇంకా టైముందిగా."

"ఇప్పుడొద్దులేవే" అంది టేపమ్మ. ఆ మాట గొంతులోంచి ఎలా వచ్చిందో, చిట్టి తలెత్తి చూసింది. అప్పటికే బట్ట తిరగేసింది. బ్లేడు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆదివారాలన్నీ ఈ కొట్టులోనే కుట్లు ఊడదీసిన మనిషి. లోపలి ఇంచీ ఎక్కడుంటుందో చూడకుండా చెప్పగలదు. రెండో పక్క చూసింది. చంక కింద చూసింది.

"లోపల గుడ్డ ఏదక్కా?"

"చాల్లేదు."

"ఆరు మీటర్లు తెచ్చాను."

టేపమ్మ కుట్టు మిషను చక్రం వైపు చూస్తోంది.

"మొదట వదిలే కుట్టావు. తరవాత కోసేశావు. కత్తెర పడ్డ అంచు కొత్తగా ఉంది." చిట్టి గొంతులో నవ్వు ఎటుపోయిందో పోయింది. "నీకు తెలుసన్నమాట."

టేపమ్మ ఒళ్ళోని దారం పోగులు ఏరుతోంది.

"ఎప్పటినుంచి?"

"కొలత తీసిన రోజే."

"తెలిసి కోశావు. నేను లావవుతానని తెలిసి, విప్పుకోడానికి లేకుండా కోశావు."

చిట్టి కోటు మడత పెట్టింది. చాలా నెమ్మదిగా, అంచులు కలిపి, మంచి బట్టను మడిచినట్టు మడిచింది. చంకన పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు గడియ పడిన చప్పుడు కింద దాకా వినిపించింది. గడియారం ఏడూ ముప్ఫై రెండు.

లిఫ్టాయన వచ్చేసరికి పెళ్ళాం బల్ల మీద సీసాలు, సూదులు పరుచుకుని బొమ్మలా కూర్చుని ఉంది.

"చిట్టేదీ?"

"రాదు."

"అదేంటి? ఎందుకు రాదు?"

టేపమ్మ చెప్పింది. దాచకుండా చెప్పింది. ఆయన తల గోక్కున్నాడు.

"నువ్వు చేసిన పని..." అని మొదలుపెట్టి, పెళ్ళాం మొహం చూసి మానేశాడు. "సరే, తరవాత తిట్టుకుందాం. ఆస్పత్రికి పోదామా?"

"ఆరింటికే మూసేస్తారు. ఊరికి ఆ చివరున్న పెద్దాసుపత్రికి చేరేసరికి తొమ్మిదవుతుంది."

"అయితే నేనే వేస్తా. మగాణ్ణి కానా?" అని ఆయన చొక్కా చేతులు మడిచాడు. పొడి సీసా మూత తీశాడు. నీళ్ళు లాగడానికి సూది తొడుగు పీకాడు. మొన చూశాడు. "టేపమ్మా, ఇది చాలా పొడుగ్గా..." అంటూనే బల్ల పట్టుకుని, బల్ల మీది గుడ్డలతో సహా కిందికి జారాడు. సూదిని మాత్రం కింద పడకుండా పైకెత్తి పట్టుకునే పడ్డాడు, అంతవరకూ మెచ్చుకోవాలి.

ఏడూ నలభై ఎనిమిది. టేపమ్మ తన చేత్తో సూది అందుకుంది. పొట్ట మీద ఆనించింది. చెయ్యి కదల్లేదు. ఇంకోసారి ఆనించింది. లోపల తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదీ ఎదురుచూస్తున్నాయి. కలపవలసిన పొడి ఎంతో, నీళ్ళు ఎంతో కూడా తనకు సరిగ్గా తెలీదు.

అన్నీ డబ్బాలో సర్దుకుని మెట్లెక్కింది. ఉబ్బిన పొట్టతో ఒక్కొక్కటే ఎక్కింది.

"చిట్టీ, తలుపు తియ్యవే."

అరచేత్తో తలుపు కొట్టింది.

"నీ మీద కుళ్ళుకున్నానే."

"తెలుసు. కోటు చెప్పింది."

"కోటు సగమే చెప్పింది. నువ్వు మెట్లెక్కుతుంటే కుళ్ళుకున్నా. నిమ్మకాయ చూస్తే కుళ్ళుకున్నా. ఆ మాత్ర చూసి కుళ్ళుకున్నా, నాకు ఇన్ని సూదులేంటి, దీనికి గుండీలో సగం మాత్రేంటని. నా వెనకాల తోడొచ్చి నాది పట్టుకుపోయావనుకున్నా. అది నాది కాదని తెలిసే అనుకున్నా. ఇప్పుడు కూడా ఈ తలుపవతల నువ్వు పొట్ట మీద చెయ్యి పెట్టుకు కూర్చుని ఉంటావని కుళ్ళుగానే ఉంది. సూది కోసం మంచిమాటలు చెప్పడానికి రాలేదు, మంచిమాటలు లేవు నా దగ్గర. సూది కోసమే వచ్చాను."

గడియ తీసిన చప్పుడు. చిట్టి ఏడ్చి ఉంది. ముక్కు ఎర్రగా ఉంది.

"నేనెందుకు చెప్పలేదో తెలుసా నీకు?"

"నేను ఓర్చుకోలేనని."

"కాదు. చెబితే నా చేత సూది వేయించుకోవని! వీధి చివరి దాకా వెళ్ళి ఎవర్నో బతిమాలుకుంటావు గానీ నా చేత వేయించుకోవు. నువ్వు అలాంటిదానివే. అందుకని ఆఖరి సూది దాకా నోరు మూసుకున్నా. నా మొగుడికి కూడా ఫోన్‌లో చెప్పలేదు, వాడి నోట్లో మాట దాగదని. వాంతొస్తే కొళాయి తిప్పి, ఆ చప్పుడులో చేసుకున్నా. నా బిడ్డని నేను దొంగసొత్తులా మోస్తున్నా అక్కా, నీ కోసం. నువ్వేమో కింద కూర్చుని కత్తెర వేస్తున్నావు."

టేపమ్మ డబ్బా ముందుకు చాచింది. లోపల మంచుముక్కలు గలగలమన్నాయి.

చిట్టి గోడ గడియారం చూసింది. ఎనిమిదికి ఆరు నిమిషాలు.

"కోపంలో సూది పట్టకూడదు. మా డాక్టరుగారు ఎప్పుడూ చెబుతారు." వెళ్ళి మొహం కడుక్కుంది. చేతులు మోచేతుల దాకా రుద్దుకుంది. వచ్చి నీళ్ళు లాగింది, పొడిలో కలిపింది, సీసా అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పింది. సూది మార్చింది. "పడుకో. పొట్ట వదులు. బిగబట్టకు."

"బిగబట్టలేదు."

"బిగబట్టావు. ఊపిరి వదులక్కా."

టేపమ్మ వదిలింది. పన్నెండు రోజుల ఊపిరి ఒక్కసారే బయటికొచ్చినట్టు వదిలింది. సూది దిగింది. ఈసారి నిజంగానే నొప్పి పుట్టింది.

"ఇది కోటుకి" అంది చిట్టి. "మందు మామూలుగానే వెళ్తోందిలే. పది లెక్కపెట్టు."

పది అయింది. ఎనిమిదీ ఒక నిమిషం. చిట్టి సూది తీసి దూదిపెట్టి నొక్కింది. నొక్కుతూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది.

ఈసారి కొళాయి తిప్పలేదు. టేపమ్మ లేచి వెళ్ళి ఒక చేత్తో పొట్ట మీది దూది, ఇంకో చేత్తో చిట్టి నుదురు పట్టుకుంది. వంగిన వీపు మీద జాకెట్టు కుట్టు బిగిసి కనిపిస్తోంది. నుదురు చెమటతో చల్లగా ఉంది. ఆ వాంతి కూడా తనకు కావాలనిపించింది టేపమ్మకి. ఆ చేదు, ఆ కళ్ళలో నీళ్ళు, ఆ ఒళ్ళు తూలడం, అన్నీ.

చిట్టి నోరు పుక్కిలించి, గోడకి ఆనుకుని కూలబడింది. "ఇప్పుడు కూడానా?" అంది.

"ఊఁ."

"వాంతికి కూడానా?"

"వాంతికే ఎక్కువగా ఉందే."

చిట్టి ఓపిక లేక నవ్వింది. ఆ నవ్వుకి మళ్ళీ వికారం తిప్పింది, ఆగిపోయింది. "ఎల్లుండి ఆస్పత్రికి నేను రానులే. నన్ను పక్కన పెట్టుకుని కూర్చోవడం నీకు కష్టం."

"నువ్వు రాకపోతే ఎవరొస్తారు? మీ బావ అక్కడ గుమ్మంలోనే పడితే, ముందు ఆయన్ని మంచం ఎక్కిస్తారు. పక్కనే కూర్చుని కుళ్ళుకుంటాలే. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని కుళ్ళుకోవడం ఇంకా కష్టంగా ఉంది."

"మరి కోటు?"

"గుడ్డ మిగిలింది. కొత్తవి కుడతా."

"ఎంత వదులుతావు లోపల?"

"నువ్వు నిజంగా ఊపిరి వదిలితే, రెండించీలు."

కింద మెట్ల మొదట్లో దబ్బుమని ఏదో తగిలిన చప్పుడు, వెనకే లిఫ్టాయన గొంతు.

"అయిపోయిందా? నేను కళ్ళు మూసుకునే ఎక్కుతున్నా. కళ్ళు తెరవొచ్చా?"

"అప్పుడే కాదు బావగారూ!" అని అరిచింది చిట్టి. "ఇంకా సూది ఇక్కడే ఉంది!"

సూదిని అప్పటికే డబ్బాలో పడేసి మూత పెట్టేసింది. టేపమ్మ ఆ మాట దిద్దలేదు. తోడికోడలి పక్కనే చల్లటి నేల మీద, పొట్ట మీద దూది పట్టుకుని కూర్చుంది. కింద ఆయన గోడ తడుముకుంటూ ఒక మెట్టు ఎక్కాడు, ఇంకో మెట్టు ఎక్కాడు. ఇద్దరూ నవ్వు బయటికి రాకుండా ఒకళ్ళ నోరు ఒకళ్ళు మూశారు.